తీగ మీది తెల్ల యూనిఫాం

మా అమ్మాయి జగదల్‌పూర్‌లో నర్సింగులో చేరి నెల కూడా కాలేదు. సెలవుకు ఇంటికి, మా ఇనుప గనుల ఊరు బచేలికి వచ్చింది. ఈ ఉదయం తన తెల్ల యూనిఫాం ఉతికి, క్వార్టర్ ముందు తీగ మీద ఆరేసి బజారుకు వెళ్లింది. అంతలో మా మేనమామ ఇంటికి వస్తున్నానని ఫోన్ చేశాడు. "మగ రోగుల ఒళ్లు తుడిచే పని మన పిల్లలకు ఏందిరా?" అని ఇదివరకు నర్సింగులో చేరిన ఎవరి కూతురి గురించో అన్న మనిషి. నేను లేచి వెళ్లి, ఆ తడి యూనిఫాం తీసి వెనక గదిలో వేశాను. పిల్ల చదువు సంగతి ఆయన అడిగితే "కాలేజీకి పోతోంది మామయ్యా" అన్నాను. ఆయన టీ తాగి వెళ్లిపోయాడు.

అమ్మాయి తిరిగొచ్చి, వెనక గదిలో చూసి నవ్వింది.

"గని దుమ్ము పడి ఎర్రగైతదని లోపలేసినవా నాన్నా? నాకు యాదే లేదు."

నేను టీ గ్లాసు తీసి లోపల పెడుతుంటే తనే మళ్లీ అంది.

"ఇంటోళ్ల ఇష్టంతో ఎవరు చేరిండ్రని మా మేడం క్లాసుల అడిగింది. శానామంది ఇంట్ల వద్దన్నరని తలొంచుకున్నరు. నేనైతే లేచి, మా నాన్నే ఫారం తెచ్చిండని చెప్పిన. అందరు చప్పట్లు కొట్టిండ్రు, తెలుసా?"

ఫారం తెచ్చిన మాట నిజమే. "దుమ్ము బాగా లేస్తోంది బిడ్డా" అన్నాను.

సాయంత్రం బస్సెక్కింది. తనకు ఎదురుగా అసలు సంగతి చెప్పలేక ఇక్కడ, ఈ గ్రూపులో రాస్తున్నాను. మీరెప్పుడైనా ఇలా చేసి ఉంటే, బిడ్డకు ఎలా చెప్పారో రాయండి. ఇది మామయ్య కూడా చూస్తాడు. చూడనీ. మామయ్యా, మా అమ్మాయి నర్సింగు చదువుతోంది.