కుజే కూర్చునే వైపు

ఇన్వేడర్స్ అనే వీడియో ఆట పిచ్చి ఊరంతటికీ పట్టిన రోజుల్లో ఒసాకాలోని నా కాఫీ కొట్టులో మామూలు బల్లలన్నీ తీసేసి, నాణెం వేస్తే అద్దం కింది తెర మీద ఆట ఆడుకునే బల్లలు వేయించాను. వాటి దగ్గర కూర్చుంటే మోకాళ్లు బల్లకు కొట్టుకుంటాయి. ఇప్పుడు ఒక్కటే మిగిలింది, దాని తెర కూడా వెలగదు.

టాక్సీ నడిపినన్నాళ్లూ ప్రయాణికులతో పెదవి విప్పని ఒరిహారా, ఆ బల్ల దగ్గర మాత్రం గొంతు చించుకునేవాడు. ఆటల వ్యాపారాన్ని నిలబెట్టింది ఇన్వేడర్సేనని అతని వాదన. ఆడవాళ్లను కూడా ఆటకు రప్పించిన ప్యాక్‌మ్యానే గొప్పదని చాపలు కుట్టే కుజే వాదన. పోయిన వారం కుజే చనిపోయాడు.

"లేవయ్యా, బల్ల పాతసామానువాడికి ఇచ్చేస్తున్నాను. ఇక తుడవలేను," అన్నాను.

"ఈ కాఫీ తాగనివ్వక్కా." తన వంతు కోసం అద్దం మీద నాణెం పెట్టడం ఒరిహారాకు పాత అలవాటు. ఇవాళ దాన్ని కుజే వైపు పెట్టాడు. "వాడన్నదే నిజమేమో, ప్యాక్‌మ్యానే."

"ఇన్నేళ్లు అరిచి ఇప్పుడా ఒప్పుకునేది, సిగ్గులేకుండా?"

"మరి ఎవరితో వాదించను?"

ఉసూరుమంటూ కుజే కుర్చీలో కూలబడ్డాను. మోకాలు ఠకీమని తగిలింది.

"నాతో వాదించు. ప్యాక్‌మ్యానే గొప్పది. ఊఁ, కానీ."

పాతసామానువాణ్ణి తర్వాత రమ్మన్నాను.