సినిమాకెక్కిన అమ్మమ్మ అడుగులు

మా మావయ్య ఉద్యోగం ఏంటంటే, చప్పుళ్ళు చెయ్యడం. నవ్వకండి, నిజం! కార్టూన్ సినిమాల్లో బొమ్మలు నడుస్తాయి, పడతాయి, తలుపులు వేస్తాయి కానీ వాటికి చప్పుడుండదు కదా. ఆ చప్పుళ్ళన్నీ మావయ్య స్టూడియోలో తెర చూస్తూ చేసి రికార్డు చేస్తాడు. పావురం ఎగరాలంటే పాత తోలు చేతితొడుగులు టపటపలాడిస్తాడు. ఎవరిదైనా ఎముక విరగాలంటే క్యారెట్ పుటుక్కుమనిపిస్తాడు. ఆయన వచ్చి వెళ్ళాక మా వంటింట్లో కూరకి క్యారెట్లు మిగలవు.

ఆ మధ్య ఆయనకో సినిమా వచ్చింది. అందులో ఒక ముసలావిడా, ఆవిడ కూతురూ ఏళ్ళ తరబడి మాట్లాడుకోరు. ముసలావిడ కూతురి గుమ్మం దాకా వస్తుంది, తలుపు కొట్టలేక వెనక్కి పోతుంది. ఆ నడక మావయ్యకి ఎంతకీ కుదరలేదు. "మీ ముసలావిడ పోలీసులా నడుస్తోందండీ," అన్నాడట డైరెక్టరు. మావయ్యకి రోషం పొడుచుకొచ్చి, వాళ్ళమ్మని, అంటే మా అమ్మమ్మని, చేతికర్రతో సహా స్టూడియోకి తీసుకెళ్ళాడు.

ఇక్కడ మా ఇంటి భాగోతం చెప్పాలి. అమ్మ బట్టలు కుట్టే కొట్టు మూతపడిన రోజు, "నీ చేతిలో ఏదైనా నిలిస్తేగా!" అని నలుగురిలో అనేసింది అమ్మమ్మ. "అయితే ఇక నేనూ నీ కంటికి కనబడను," అంది అమ్మ. అంతే. ఉండేది పక్కపక్క వీధుల్లో, ఏళ్ళు గడిచినా ఇద్దరూ ఉప్పూ నిప్పూ. మధ్యలో మావయ్యా నేనూ అడకత్తెరలో పోకచెక్కలం. అమ్మమ్మ రాని ఇంట్లో నాకు బెంగగా ఉండేది, ఆ పంతాలు చూస్తే ఒళ్ళు మండేది.

"నా నడకకి కూడా సినిమాలో వేషమా!" అని మురిసిపోయిందట అమ్మమ్మ. మొదటిసారికే అదరగొట్టేసింది. చెక్కమెట్లు ఎక్కింది, ఆగింది, కర్ర ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది, నిట్టూర్చి మెల్లగా దిగిపోయింది. డైరెక్టరు చప్పట్లు కొట్టి, "ఎలా చేశారు పెద్దమ్మా?" అన్నాడు. "అలవాటేగా నాయనా," అనేసి నాలిక్కరుచుకుంది అమ్మమ్మ. మావయ్యకి విషయం అర్థమైపోయింది.

ఆ సాయంత్రమే మా ఇంటికొచ్చి, "అక్కా, నా కొత్త చప్పుడు విను," అని ఫోన్లో పెట్టాడు. ఎవరిదో చెప్పలేదు. అమ్మ ఇస్త్రీ చేస్తోంది. అడుగులు మెట్లెక్కి ఆగాయి. అమ్మ చెయ్యి కూడా ఆగింది.

"ఇప్పుడు కర్ర చెయ్యి మారుతుంది," అంది.

టక్కుమని మారింది.

నేను నోరెళ్ళబెట్టాను. "అంటే, అమ్మమ్మ వస్తోందని నీకు తెలుసా? తెలిసీ తలుపు తియ్యలేదా?"

"వచ్చిన ప్రతిసారీ గడియ మీద చెయ్యేసుకునే నించున్నానే. ఆవిడ కొట్టొచ్చుగా!" అమ్మ కళ్ళనిండా నీళ్ళు.

"బాగుంది సంబడం!" అన్నాడు మావయ్య. "తలుపుకి అటో మొండిఘటం, ఇటో మొండిఘటం. ఆ తలుపుకే నోరుంటే ఇద్దర్నీ కడిగేసేది."

అమ్మ ఇస్త్రీపెట్టె కట్టేసి, చెప్పులేసుకుని విసవిసా బయల్దేరింది. వెనకాలే నేను పరుగు. అమ్మమ్మ తలుపు మీద దబదబా బాదింది, పక్కింటివాళ్ళు కూడా బయటికొచ్చారు. అమ్మమ్మ కంగారుగా తలుపు తీసింది.

"చూశావా? తలుపు కొట్టడమంటే ఇలా!" అని అరిచి, అమ్మ భోరున ఏడ్చేసింది.

అమ్మమ్మ కర్ర వదిలేసి రెండు చేతులా అమ్మని వాటేసుకుంది.

"ఇది నేర్పడానికి ఇన్నేళ్ళు పట్టిందటే నీకు?"