పీటీ పీరియడ్‌లో కూర్చునే పిల్ల

మా అమ్మాయికి కీళ్ళవాతం. ఈ మాట చెప్పగానే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "పిల్లలకు కూడా వస్తుందా?" వస్తుంది. మా పాపకు మూడో తరగతిలో వచ్చింది. పొద్దున లేచేసరికి మోకాళ్ళు, చీలమండలు బిగుసుకుపోయి ఉంటాయి. కాపడం పెట్టి, కాసేపు ఇంట్లోనే అటూ ఇటూ నడిపిస్తేగానీ స్కూలు వ్యాను ఎక్కలేదు. మధ్యాహ్నానికి మాత్రం అందరు పిల్లల్లాగే తిరుగుతుంది. చిక్కంతా అక్కడే. చూసినవాళ్ళు నమ్మరు.

మారతహళ్ళిలో మేముండే ఫ్లాటుకు దగ్గర్లోనే స్కూలు. అక్కడ పీటీ మాస్టర్లు నిలవరు. కొత్తాయన వచ్చినప్పుడల్లా నేను ఆఫీసులో పర్మిషన్ తీసుకుని వెళ్ళి మొదటినుంచీ చెప్పుకురావాలి. పరుగు వద్దు, గెంతులు వద్దు, ఎక్కువసేపు నిలబెట్టొద్దు. ఒకాయన అన్నిటికీ తలూపి, ఆ వారమే గ్రౌండు చుట్టూ పరిగెత్తించాడు. ఇంకొకాయన అది జబ్బు కాదు, బద్ధకం అన్నాడు. చెప్పీ చెప్పీ ఆ మాటలంటే నాకే విసుగొచ్చేసింది.

పోయిన ఏడాది వచ్చిన మాస్టరు ఆనేకల్ వైపు మనిషి. నా కన్నడంలోని యాస విని తెలుగులోకి దిగాడు.

"పాప బాగానే ఉండాది కదా మేడమ్, చూస్తే ఏమీ తెలీదు."

డాక్టరు రాసిచ్చింది చూపించాను. చదివి బెదిరిపోయాడు. "ఇంక పాపను ఆడించేదే లేదు. నీడలో కూర్చోబెడతా. మీరు నిమ్మళంగా పోండి."

నిమ్మళంగానే వచ్చేశాను. ఆ ఏడాదికి ఆ పని తీరిందనుకున్నాను.

దసరా సెలవులయ్యాక ఒక సాయంత్రం పాప బ్యాగు సోఫా మీద పడేసి, "అమ్మా, పీటీ ఉన్న రోజు నేను స్కూలుకు వెళ్ళను," అంది.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదు. అందరి వాటర్ బాటిళ్ళకూ నేనే కాపలా. ఇవాళ ఒకమ్మాయి బాటిల్ కనపడలేదని నా మీద అరిచింది. నేనేమన్నా వాచ్‌మన్‌నా?"

ఆడించొద్దని ఇన్నేళ్ళు బతిమాలాను. ఇప్పుడు ఆడించమని బతిమాలాలి. తలుచుకుంటేనే నీరసం వచ్చింది.

మర్నాడు పాపను వెంటబెట్టుకుని వెళ్ళాను.

"మీరే కదా మేడమ్ వద్దనింది?" అన్నాడు మాస్టరు. ఆయన మాటలో తప్పు లేదు. "గ్రౌండు నిండా పిల్లోళ్ళు, నేనొక్కణ్ణే ఉండాను. పాపకు ఏమన్నా అయితే నన్నే కదా అడిగేది?"

పాపే అందుకుంది. "సార్, త్రోబాల్‌లో సర్వీసు నేను వేస్తాను. వేసేసి బయటికి వచ్చేస్తా, నా బదులు ఇంకొకరు లోపలికి వెళ్తారు. చేతులు బాగానే ఉన్నాయి నాకు."

"రూల్స్‌లో లేదు కదమ్మా అది."

"మ్యాచ్ కాదు కదా సార్. పీరియడే కదా."

ఆయన నా వైపు చూశాడు. నేను తలూపాను. "సరే. నొప్పొస్తే చెప్పల్ల. దాచిపెట్టకూడదు," అన్నాడు.

ఎదుటి జట్టు పిల్లలు మొదట గొడవ చేశారట. తర్వాత అలవాటుపడ్డారు. పాప పీటీ రోజు ఎప్పుడొస్తుందా అని చూడటం మొదలుపెట్టింది. కొన్ని వారాలకు ఒక పొద్దున కుడి మోకాలు వాచింది. "సార్‌కి చెప్పొద్దమ్మా, మళ్ళీ కూర్చోబెట్టేస్తారు," అని ఏడ్చింది.

వ్యాను ఎక్కించి, క్యాబ్‌లోంచి ఆయనకు ఫోన్ చేశాను. చెప్పకుండా ఉండటం నావల్ల కాలేదు. అవతల పిల్లల గోల. ఆయన గొంతూ అలసిపోయే ఉంది.

"కుర్చీ వేపిస్తా లెండి మేడమ్. కూర్చోనే వేయనీ," అని ఫోన్ పెట్టేశాడు.

ఆ సాయంత్రం పాప అన్నం తింటూ ఒకటే సణుగుడు. కుర్చీలోంచి వేస్తే బంతి నెట్ దాటదట, భుజాలు పీకుతున్నాయట. ఒక్కసారి మాత్రం దాటిందట, అవతలి పిల్ల పట్టుకోలేక వదిలేసిందట. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చి ఉన్నాను. కళ్ళు మూతలు పడుతున్నాయి, సగమే విన్నాను. అయినా ఆ దాటిన బంతి గురించి మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నాను.