అక్క ఎత్తు, అక్క బరువు

మా అక్క చాలా సన్నగా ఉండేది. నర్సీపట్నంలో ఆమె ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పేది. మా వీధిలో కొత్తవాళ్లకు ఆమె గుర్తు చెప్పాలంటే "ఆ సన్నటి టీచరమ్మ" అనేవాళ్లు. చెయ్యెత్తి బోర్డు మీద రాస్తుంటే గాజులు మోచేతి దాకా జారిపోయేవి. నడుము దగ్గర మాత్రం చిన్న మెత్తటి మడత ఉండేది. చీర కట్టుకునేటప్పుడు దాన్ని లోపలికి లాక్కుని, "ఒళ్లంతా ఎముకలే. నాకున్న ఆస్తి ఇదొక్కటే" అని నవ్వేది.

నాన్న పోయాక మా ఇంట్లో అమ్మా, అక్కా, నేనూ మిగిలాం. అక్క పెళ్లయ్యాక కూడా ఇల్లేమీ బోసిపోలేదు. బావ తాలూకా ఆఫీసులో గుమస్తా. మా ఇంటికి రెండు వీధుల అవతలే కాపురం పెట్టారు. అక్క బడి నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేది. బావ ఆఫీసు అయ్యాక సైకిలు మీద వచ్చి ఆమెను తీసుకువెళ్లేవాడు. అవి డెబ్బైల నడిమి సంవత్సరాలు. నేను హైస్కూల్లో చదువుతున్నాను.

మొదటిసారి అక్కకు నెల తప్పినప్పుడు అమ్మ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. రావికమతం దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో చెరకు తోటలుండేవి. మేనమామ కొత్త బెల్లం దిమ్మలు పంపించాడు. అమ్మ చలిమిడి చేసి అక్క ఒడిలో పెట్టింది. కడుపు చల్లగా ఉండాలని ఆడవాళ్లంతా దీవించారు.

అక్క కడుపు బాగా పెరిగింది. కవలలేమో అన్నారు. ఎప్పుడూ దాహం అనేది. నీళ్లు తాగడం, దొడ్లోకి వెళ్లడం, మళ్లీ నీళ్లు తాగడం. అమ్మ దాన్ని కూడా సంతోషంగానే చెప్పుకునేది. "కడుపులో ఉన్నోడు తాగతన్నాడు. ఆడికి దాహం" అనేది.

పురుడు మా ఇంట్లోనే. గవర్నమెంటు ఆసుపత్రిలో చేసే నర్సమ్మ వచ్చింది. పొద్దున మొదలైన నొప్పులు మధ్యాహ్నం దాటినా తేలలేదు. బిడ్డ తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కుపోయాయి. నన్ను వీధి అరుగు మీదికి పంపేశారు. అక్క అరుపులు వినిపిస్తూ ఉండగా ఒక్కసారిగా లోపల అంతా నిశ్శబ్దమైపోయింది. బిడ్డ ఏడుపు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను. అది రాలేదు.

మగపిల్లాడు. ఎంత బొద్దుగా ఉన్నాడంటే, చూసిన వాళ్లెవరూ అప్పుడే పుట్టినవాడని నమ్మలేదు. బుగ్గలు నిండుగా, చేతుల మీద మడతలు పడి, కొన్ని నెలల పిల్లాడు నిద్రపోతున్నట్టు ఉన్నాడు. "ఇంత సన్నపు తల్లికి అంత బిడ్డేటమ్మా!" అని వచ్చినవాళ్లంతా ఆశ్చర్యపోయారు. దిష్టి తగిలిందన్నారు. అక్క మాత్రం వాణ్ణి ఒకసారి ఒళ్లో పెట్టమని అడిగింది. చూస్తే మరిచిపోవడం కష్టమని పెద్దవాళ్లు పెట్టనివ్వలేదు. ఆ మాట అక్క జీవితాంతం తలుచుకుంది. "చూడకపోతే మరిచిపోతానా?" అనేది.

రెండోసారి నెల తప్పేసరికి మూడేళ్లు గడిచాయి. ఈసారి బావ ఎవరి మాటా వినలేదు. మొదటి నెల నుంచే ఊళ్లో ప్రైవేటు డాక్టరు గారి దగ్గరికి తీసుకువెళ్లాడు. మంచి పేరున్న డాక్టరు. పేదవాళ్లను విసుక్కోడు. ఒకసారి అమ్మతో పాటు నేనూ వెళ్లాను. గదిలో బరువు చూసే మిషను, పక్కనే గోడకు ఒక పెద్ద పటం ఉన్నాయి. మందుల కంపెనీ వాళ్లు ఇచ్చింది. పైన గౌను వేసుకున్న దొరసాని, కోటు తొడుక్కున్న దొర బొమ్మలు. కింద ఎంత ఎత్తుకు ఎంత బరువుండాలో అంకెలు.

డాక్టరు గారు అక్కను మిషను మీద నిలబెట్టారు. ఎత్తు కొలిచారు. పటం మీద వేలు పెట్టి పక్కకు జరిపి, పెదవి విరిచారు.

"కడుపుతో ఉండి కూడా ఈ ఎత్తుకి ఉండాల్సిన బరువు లేదమ్మా. మామూలు మనిషికే ఇది చాలదు. ఇంట్లో ఏటి తింటన్నావు?"

"తింటూనే ఉన్నానండీ" అంది అక్క.

"చాల్దు. బలమైన తిండి తినాలి. నెయ్యి, బెల్లం, జీడిపప్పు. టానిక్ రాస్తాను."

బావ కాస్త మొహమాటపడుతూ అడిగాడు. "అది కాదండీ, ఈవిడికి దాహం బాగా ఎక్కువండీ. మొదటిసారీ ఇలాగే ఉండేది. మా పెదనాన్నకి సుగరు ఉండేదండి. ఆయనా ఇలాగే దాహం అనేవోడు. అలాటిదేమైనా..."

డాక్టరు గారు నవ్వారు. వెక్కిరింపుగా కాదు, భయం పోగొట్టడానికి నవ్వినట్టే నవ్వారు. "సుగరు లావుపాటి వాళ్ల జబ్బయ్యా. కూర్చుని తినే షావుకార్లకి వస్తాది. ఈ అమ్మాయిని చూడు, గాలొస్తే ఎగిరిపోయేలాగుంది. ఈవిడికి సుగరేటి?"

మాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. దారి పొడవునా అమ్మ నవ్వుతూనే ఉంది. "ఇన్నావు కదే, తినమన్నాడు. తినడమేగా? నాను పెడతాను, నువ్వు తిను."

అమ్మ పెట్టింది. పొద్దున్నే నెయ్యి వేసిన మినపసున్ని. బడికి వెళ్లేటప్పుడు నువ్వుల చిమ్మిలి. వచ్చేసరికి బెల్లం పాకంలో ఉడికించిన చిలగడదుంప. అక్కకు తీపి వెగటు పుట్టేది. కంచం పక్కకు నెట్టేది. అమ్మ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టి, "ఒక్క ముద్దే. నీకోసం కాదు, నా మనవడి కోసం. బేగి మింగీ తల్లీ" అనేది. అక్క కళ్లు మూసుకుని మింగేది. ఆ పిల్లాడు దక్కడం కోసం ఏం తినమన్నా తినేదే.

నెలలు నిండబోతుండగా ఒక మధ్యాహ్నం అక్క బడి నుంచి ముందుగా వచ్చేసింది. వంటింటి గడప మీద కూర్చుని, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుంది.

"అమ్మా, నిన్నటి నుంచి కదల్లేదు" అంది.

"నిద్రోతన్నాడేమో."

"లేదమ్మా. నాకు తెలుస్తోంది."

బావ టాక్సీ మాట్లాడుకొచ్చాడు. అనకాపల్లి మీదుగా విశాఖపట్నం వెళ్లాం. దారంతా అక్క ఏడవలేదు. చెయ్యి పొట్ట మీద నుంచి తియ్యలేదు. ఆసుపత్రిలో చూసి, బిడ్డ లోపలే పోయిందని చెప్పారు. మళ్లీ పెద్ద బిడ్డే. ఈసారి ఆడపిల్ల. ఆపరేషన్ చేసి తీశారు. ఆ తరవాత రక్తం ఆగలేదు. అక్క ప్రాణం నిలబడాలంటే గర్భసంచి తీసెయ్యక తప్పదని బావకు చెప్పి తీసేశారు. ఈసారి అక్క అడగకముందే బావ బిడ్డను తెచ్చి ఆమె పక్కన పడుకోబెట్టాడు. అక్క పాప వేళ్లు ఒక్కొక్కటే విప్పి చూసింది. నుదురు నిమిరింది. ఆ తరవాత తనే, "ఇంక తీసుకెళ్లండి" అంది.

కోసిన చోట పుండు ఎంతకీ మానలేదు. చీము పట్టింది. అప్పుడు ఒక లేడీ డాక్టరు వచ్చి కేసు మొదటి నుంచీ చెప్పమంది. మొదటి బిడ్డ సంగతి, దాహం సంగతి విని, వెంటనే పరీక్షలు చేయించింది. మర్నాడు అమ్మనూ బావనూ పిలిచింది. నేనూ వెనకాల నిలబడ్డాను.

"ఈ అమ్మాయికి సుగరు ఉంది. చాలా ఎక్కువ ఉంది. మొదటి కాన్పు నాటికే ఉండుంటుంది. తల్లి రక్తంలో సుగరు ఎక్కువైతే బిడ్డ అలా పెరిగిపోతుంది. కడుపులోనే చనిపోవచ్చు కూడా."

అమ్మకు అర్థం కాలేదు. "సుగరేటి తల్లీ? అది పుల్లలాగ ఉంటాది. అసలు బరువే సరిపోలేదని మా డాక్టరు బాబు పటం సూసి మరీ సెప్పేడు. తినమన్నాడు."

ఆ డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. తరవాత నెమ్మదిగా చెప్పింది. "ఆ పటం మనల్ని కొలిచి రాసింది కాదమ్మా. వేరే దేశంలో వాళ్ల మనుషుల్ని కొలిచి, వాళ్లకి ఏ బరువు మంచిదో చూసుకుని రాసుకున్నారు. వాళ్ల ఎముక వేరు, ఒళ్లు వేరు. మనలో చేతులూ కాళ్లూ సన్నగా ఉండి, పొట్ట దగ్గర కొవ్వు చేరిన వాళ్లు చాలామంది. ఆ పటంలో వాళ్లు బక్కవాళ్ల కిందే లెక్క. నా దగ్గరికి సుగరుతో వచ్చేవాళ్లలో సగంమంది ఇలా సన్నగా ఉన్నవాళ్లే."

"ముందే తెలిస్తే బతికేవారాండీ?" అని అడిగాడు బావ.

"చెప్పలేం. కానీ ప్రయత్నం చేసేవాళ్లం. తిండి మార్చి, ఇన్సులిన్ ఇచ్చి..." అంది ఆమె.

అమ్మ అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

మా ఇంటికి వచ్చాక అక్కకు బావే ఇంజెక్షను చేసేవాడు. గాజు సిరంజి మరిగించి, చల్లార్చి, నొప్పి తెలియకుండా గుచ్చడం నేర్చుకున్నాడు. అమ్మ అక్కకు వంట చెయ్యడం మానేసింది. గిన్నెలు ముట్టుకోవాలంటే భయపడేది. అక్క భోజనానికి కూర్చుంటే దొడ్లోకి వెళ్లిపోయేది. మేనమామ బెల్లం పంపితే, తెచ్చినవాడితోనే తిప్పి పంపించేసింది.

ఒకరోజు అక్క లేచి, గోడ పట్టుకుని నడుచుకుంటూ దొడ్లోకి వెళ్లింది. అమ్మ నూతి చప్టా మీద కూర్చుని ఉంది.

"అన్నం పెట్టమ్మా" అంది అక్క.

"నీ సెల్లిని అడుగు."

"నువ్వే పెట్టాలి."

అమ్మ బావురుమంది. "నాను పెట్టిందే తిన్నావు కదే! నువ్వు ఒద్దొద్దంటే నోట్లో కుక్కేను కదే. నా సేతుల్తో నానే సంపుకున్నాను ఆలిద్దర్నీ!"

అక్క కింద కూర్చోబోయి, కుట్ల నొప్పికి కూర్చోలేక, నిలబడే అమ్మ తలను తన పొట్టకు ఆనించుకుంది. "తెలిసి పెట్టావా? వాళ్ల కోసమే కదా పెట్టావు, వాళ్ల కోసమే నేనూ తిన్నాను. నువ్వొక్కదానివే మోస్తానంటే నాకేం మిగుల్తుందమ్మా? నాకూ వాళ్లు పిల్లలే." ఇద్దరూ అలాగే చాలాసేపు ఏడ్చారు. ఆ రోజు అమ్మ జొన్నన్నం వండి, చప్పటి పప్పుతో అక్కకు పెట్టింది. తను కూడా అదే తింది. బతికినంత కాలం అమ్మ మళ్లీ తీపి ముట్టుకోలేదు.

కొన్ని నెలలు పోయాక అక్క, బావను వెంటబెట్టుకుని, ఊళ్లో డాక్టరు గారి దగ్గరికి వెళ్లింది. పోట్లాడటానికని నేననుకున్నాను. నేనైతే పోట్లాడేదాన్ని. అక్క విశాఖలో చెప్పినదంతా ఆయనకు చెప్పింది. ఆయన ముఖం పాలిపోయింది.

"నేను చదివినదాన్లో అలాగే ఉందమ్మా" అన్నారు.

"అవునండీ. మీరు కావాలని చెయ్యలేదు. కానీ నాలాంటి వాళ్లు రేపూ వస్తారు. సన్నగా ఉన్నారని పంపించెయ్యకండి. ఒక్క పరీక్ష చేయించండి. నేనడిగేది అదే."

ఆయన అక్కకు నమస్కారం పెట్టారు. అంత పెద్దాయన, కుర్చీలోంచి లేచి. ఆ తరవాత ఆయన దగ్గరికి వెళ్లిన గర్భిణులందరికీ మూత్రం పరీక్ష చేసేవారు. గాజు గొట్టంలో నీలం మందు పోసి, మూత్రం చుక్కలు కలిపి దీపం మీద కాచేవారు. సుగరుంటే నీలం ఎరుపెక్కేది. చీటీలు రాయడానికి ఆ పటం వైపు చూడటం మానేశారని వెళ్లొచ్చిన వాళ్లు చెప్పేవారు.

ఇప్పుడు ఎత్తూ బరువూ కలిపి లెక్కకట్టి బి.ఎం.ఐ. అంటున్నారు. మనవాళ్లకు అదే లెక్క పనికిరాదని గుర్తించి, ఎక్కడి నుంచి జాగ్రత్తపడాలో ఆ గీతను కిందికి దించారు. నడుము చుట్టుకొలత కూడా చూడమంటున్నారు. పేపర్లో మొదటిసారి అది చదివినప్పుడు చీర కట్టుకుంటూ పొట్టను లోపలికి లాక్కునే అక్క కళ్ల ముందు నిలిచింది. పేపరు మడిచి పక్కన పెట్టేశాను. ముందుకు చదవలేకపోయాను. అప్పటికి అక్క పోయి చాలా కాలమైంది.

ఎనభైల మొదట్లో అక్క పక్కింట్లోకి ఒక రైతు కుటుంబం అద్దెకు దిగింది. వాళ్ల కోడలు అచ్చం అక్కలాగే సన్నం. ఆ అమ్మాయికి నెల తప్పాక, నీళ్ల బిందె దగ్గరికి పదేపదే వెళ్లడం అక్క గోడ మీది నుంచి చూసింది. అత్తగారిని ఒప్పించి తనే డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లింది. గొట్టంలో నీలం ఎర్రబడింది. విశాఖ పంపారు. అక్క ఆ అమ్మాయికి తన తిండే వండి పెట్టేది. ఇంజెక్షను భయం పోవడానికి తన చేతికి గుచ్చి చూపించేది. నెలలు నిండకముందే విశాఖలో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మామూలు బరువుతో, గట్టిగా ఏడుస్తూ పుట్టాడు.

వాళ్లు నర్సీపట్నం తిరిగొచ్చిన రోజు నేను అక్క దగ్గరే ఉన్నాను. అత్తగారు పిల్లాణ్ణి తెచ్చి, "నీవల్లే బతికేడమ్మా. ముందు నువ్వెత్తుకో" అని అక్క చేతుల్లో పెట్టింది. అక్క ఎత్తుకుంది. నుదురు ముద్దుపెట్టుకుంది. నవ్వింది. వాళ్లతో కబుర్లు చెప్పి, తల్లి ఏం తినాలో, ఏం తినకూడదో మరోసారి చెప్పి, ఇంట్లోకి వచ్చింది.

తలుపు వేసి, నేల మీద పడుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చింది. ఇద్దరు పిల్లలు పోయినప్పుడు కూడా నేను ఆమె అలా ఏడవగా చూడలేదు. బావ ఆఫీసు నుంచి వచ్చాడు. పక్కింటి నుంచి పసివాడి ఏడుపు వినిపిస్తూనే ఉంది. చొక్కా అయినా విప్పకుండా అక్క పక్కన నేల మీదే కూర్చుని, ఆమె వీపు నిమురుతూ ఉండిపోయాడు.