గడ్డం సారు గడ్డం

ఆ గ్రానైటు ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరుకి ఎవరి ముఖమైనా గడ్డం దగ్గరే మొదలవుతుంది. ఎవరు ఎదురైనా ముందు చుబుకం చూస్తాడు, బొటనవేలితో అడ్డంగా ఓసారి రాస్తాడు, ఆ తర్వాతే కుశలం అడుగుతాడు. అందుకే అందరూ ఆయన్ని గడ్డం సారు అంటారు. ఆయన గడ్డం మాత్రం కడిగిన పింగాణీ పళ్ళెంలా ఉంటుంది.

స్టోర్‌ కీపరు పెళ్ళికి వెళ్ళి, పెళ్ళికొడుకు చెంప మీద వేలు రాసి, "మూడు రోజులది. మాస్కు పెడితే గాలి దూరుతుంది" అని కవరు చేతిలో పెట్టి వచ్చాడు. కూతురికి బిడ్డ పుడితే పొత్తిళ్ళలో వాణ్ణి చూసి, "మా ఇంటి మగాళ్ళలో నా తర్వాత మాస్కు సరిగ్గా పట్టేది వీడొక్కడికే" అన్నాడట.

పిచ్చికి కారణం లేకపోలేదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందంటే ఇక బయటికి రాదు. అందుకని రంపాల మీద నీళ్ళు ధారగా పడే ఏర్పాటు చేయించాడు, పాలిష్ షెడ్డులో దుమ్ము లాగే గొట్టాలు పెట్టించాడు. అయినా పలకల అంచులు తీర్చే చోట కాస్త లేస్తూనే ఉంటుంది. అక్కడ మాస్కు తప్పదు. మాస్కుకీ చర్మానికీ మధ్య వెంట్రుక ఉండకూడదు.

ఆ అంచులు తీర్చడంలో షెడ్డు మొత్తానికీ మొనగాడు పాలిష్ మేస్త్రీ. కొత్తగా చేరాడు. గుండెల దాకా గడ్డం.

మొదటి రోజే సారు అతనికి మాస్కు పెట్టి, తల మీద ముసుగు కప్పి, అందులోకి చేదు మందు పిచికారీ చేశాడు. చేదు తెలిసిందంటే మాస్కు పట్టలేదని లెక్క.

"చేదుగా ఉందా?"

"లేదు సార్." మేస్త్రీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి.

"అస్సలు?"

"పంచదార తిన్నట్టుంది సార్."

సారు ఇంకో రెండుసార్లు పిచికారీ కొట్టాడు. మేస్త్రీ ముసుగు విసిరేసి కుళాయి దగ్గరికి పరిగెత్తాడు.

ఆ సాయంత్రం స్టోరు గదిలోకి పిలిచి, సారు జేబులోంచి బ్లేడు తీశాడు. "రెండు నిమిషాల పని. సబ్బు కూడా నాదే."

"పని మానేస్తాను గానీ గడ్డం తియ్యను సార్."

"ఏం, పందెం కాశావా?"

మేస్త్రీ గడ్డం పక్కకి ఒత్తి పట్టుకున్నాడు. దవడ నుంచి మెడ దాకా చర్మం నలిపిన కాగితంలా ఉంది. "చిన్నప్పుడు సలసల కాగే నూనె పడింది. బళ్ళో నన్నేమని పిలిచేవారో చెప్పమంటారా?"

"వద్దు" అన్నాడు సారు. మొట్టమొదటిసారి ఆయన ఒక మనిషి కళ్ళలోకి చూశాడు. బ్లేడు జేబులో వేసుకున్నాడు. "కొన్నాళ్ళు ప్యాకింగులో పని చెయ్."

ప్యాకింగు అంటే చెక్కపెట్టెలకి మేకులు కొట్టడం. మేస్త్రీ మేకులు కొడుతూ, తన పని ఇక అయిపోయినట్టేనని దిగులుపడుతున్న రోజుల్లో ఫ్యాక్టరీలో ఓ వింత జరిగింది. సారు గీసుకోవడం మానేశాడు.

"ఏంటి సార్ ఇది?" అన్నాడు మేనేజరు.

"బ్లేడు పడట్లేదు. చర్మం."

పదిహేను రోజులకి ఆ గడ్డం మేకలు మేసి వదిలేసిన చేనులా తయారైంది. అప్పుడు రెండు పెద్ద అట్టపెట్టెలు దిగాయి. తలంతా కప్పే టోపీలు, ముందు అద్దం, నడుముకి చిన్న ఫ్యాను. ఫ్యాను శుభ్రమైన గాలిని టోపీలోకి తోస్తుంది కాబట్టి గడ్డమున్నా ఫర్వాలేదు.

"ఒకటి నాకు. రెండోది..." సారు అటూ ఇటూ చూసి, "నువ్వూ గడ్డంవాడివేగా, రా" అన్నాడు మేస్త్రీని, అప్పుడే గుర్తొచ్చినట్టు.

ఆ టోపీతో సారు షెడ్డంతా తిరుగుతూ గుమ్మాలకి గుద్దుకునేవాడు. ఎవరేం చెప్పినా వినబడక "ఆఁ?" అనేవాడు. జనానికి ఆయన్ని చూసి నవ్వుకోవడంతోనే సరిపోయింది. మేస్త్రీ గడ్డం సంగతి అడిగే తీరిక ఎవరికీ లేదు. అతను తన అంచుల దగ్గరికి హాయిగా తిరిగొచ్చాడు.

ఓ రోజు సారు మర్చిపోయిన కళ్ళజోడు ఇవ్వడానికి ఆయన భార్య గేటు దగ్గరికొచ్చింది. మెడకీ ముఖానికీ తువ్వాలు చుట్టుకున్న మేస్త్రీ ఎదురెళ్ళాడు.

"సారు చర్మానికి ఎలా ఉందమ్మా?"

"చర్మానికేం, నిక్షేపంలా ఉంది" అందావిడ. "షెడ్డులో గడ్డంతో ఒక్కడుంటే అందరూ ఎందుకని అడుగుతారట, ఇద్దరుంటే అడగరట. ఆ ఒక్కడెవరో చెప్పి చావడు. నీకేమైనా తెలుసా బాబూ?"

"తెలీదమ్మా" అన్నాడు మేస్త్రీ.

కళ్ళజోడు తీసుకెళ్ళి సారు చేతికిచ్చాడు. కదలకుండా అక్కడే నిలబడ్డాడు.

"సార్, మీకు గడ్డం అసలు బాగాలేదు."

"తెలుసు. మా ఆవిడ పక్కన కూర్చుని అన్నం కూడా తిననంటోంది."

"తీసేయండి సార్. ఎవరైనా అడిగితే నా సంగతి నేనే చెప్పుకుంటాను."

"చెప్పాలనిపించిన రోజు చెప్పుకో. నా కోసం తొందరపడకు." సారు కళ్ళజోడు పెట్టుకుని, కిటికీ అద్దంలో తన ముఖాన్ని చాలాసేపు పరిశీలించాడు. "పైగా ఎడం చెంప మీద ఇప్పుడిప్పుడే ఒత్తుగా వస్తోంది" అన్నాడు గంభీరంగా.