యజ్ఞనారాయణ గారి వంద మీటర్ల బీచ్

"గీ చెంచాలు నావేనని ఏడ రాసున్నది సారూ?"

"రాయక్కర్లేదు మల్లేష్. ఈ చుట్టుపక్కల ఎర్ర చెంచాలిచ్చేది నీ హోటలొక్కటే. ఈ వారం నలభై మూడు దొరికాయి. తీసుకో."

శామీర్‌పేట చెరువు దారిలో బిర్యానీ హోటల్ ముందు యజ్ఞనారాయణ గారికీ మల్లేష్‌కీ జరుగుతున్న ఈ తగవు విని ఆగిపోయాను. డిగ్రీ సగంలో వదిలేసినవాణ్ణి, ఆగడానికి నాకు తీరికే తీరిక. ఆయనకున్న జబ్బు ఒక్కటే: ఒడ్డున దొరికిన చెత్తను అది బయల్దేరిన ఇంటికి చేర్చడం.

భీమిలిలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆదివారాలు సముద్రపు ఒడ్డున వంద మీటర్ల తాడు పరిచి, ఏ చెత్త ఎంతుందో, ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసేవారట. రిటైరై మా పక్క కాలనీకి వచ్చారు. సముద్రం రాలేదు, తాడు వచ్చింది.

"సారూ, గిది చెరువు" అన్నాను.

"నీళ్లు తగిలే ఒడ్డు ఏదైనా బీచేనయ్యా."

ఒకసారి ఎవరో నాయకుడి పుట్టినరోజు ఫ్లెక్సీ కొట్టుకొచ్చింది. శుభ్రంగా కడిగి, మడతపెట్టి, ఆయనింటికే పట్టుకెళ్లారు. శాలువా అనుకుని నాయకుడు మెడ వంచాడు. కప్పించుకుని ఫొటో కూడా దిగాడు. ఇంకోసారి ఒంటి చెప్పు దొరికితే మూడు వారాలు ఊరందరి పాదాలూ పరీక్షించారు. ఆయన వస్తుంటే జనం కాళ్లు మంచం కిందికి లాక్కునేవారు.

మొన్న ఆయన మా గేటు ముందు నిలబడ్డారు, చేతిలో ముడి వేసిన కవరు. చూడగానే గుర్తుపట్టాను. పూజ చేసిన పూలు ఎవరూ తొక్కకూడదని మా అవ్వ బాలమణి ప్రతి శుక్రవారం కవర్లో కట్టి ఇస్తుంది, నేను చెరువులో వేసి వస్తాను. మా ఇంట్లో నాకున్న ఉద్యోగం అదొక్కటే.

"దేవుని పూలు సారూ. అందరు ఏస్తరు" అని ముందే తగవుకు దిగాను.

"మెల్లగా మాట్లాడు మహేందర్. మీ అవ్వ ఇంట్లో ఉందా?"

వీధంతా వినేలా అరిచే మనిషి గుసగుసలాడుతున్నారు. నన్ను గోడ చాటుకు తీసుకెళ్లి ముడి విప్పారు. వాడిన బంతిపూల కింద మందుల షాపు కాగితం కవరు, దాని మీద అవ్వ పేరు. లోపల బీపీ మాత్రలు పద్నాలుగు, ఒక్కటీ చించలేదు.

బీపీ దిగడం లేదని డాక్టర్ రెండుసార్లు మందు పెంచాడు. పోయిన నెల అవ్వ పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడింది. ఆ మందును వారం వారం నా చేత్తోనే చెరువులో పారేస్తున్నాను.

"ఇప్పుడే అడుగుత ముసల్దాన్ని" అని కదిలాను.

ఆయన నా చొక్కా పట్టుకున్నారు. "పొద్దున్నే డాక్టర్ని కలిసొచ్చాను. మాత్ర పడకపోతే కొందరు ఇలాగే దాస్తారట, మార్చి ఇస్తారట. రేపు పదింటికి రమ్మన్నారు. నువ్వే తీసుకెళ్లు."

"మీరు గూడ రాండ్రి సారూ."

"నేనొద్దు. నా పేరే ఎత్తకు. కవరు నువ్వే విప్పావని చెప్పు. నిన్నైతే నాలుగు తిట్టి ఆటో ఎక్కుతుంది. నాకు తెలిసిందంటే సిగ్గుపడి, గడప దాటదు. ఆ తిట్లేవో నువ్వే తినవయ్యా, నా కోసం."