గడుగ్గాయి కొలతలు

మా అక్క దర్జీ. ఇరవై ఆరేళ్ళుగా అదే మేడ మీది గది. కింద సైకిళ్ళు బాగుచేసే షాపు, కిటికీలోంచి చూస్తే బస్టాపు. నేనూ పదకొండేళ్ళుగా అక్కడే పని చేస్తున్నా. అక్క కొలుస్తుంది, నేను రాస్తా. అక్క కత్తిరిస్తుంది, నేను గుండీలు కుట్టి ఇస్త్రీ చేస్తా. అక్క నోట్లో పొద్దస్తమానం నాలుగు గుండుసూదులుంటాయి కాబట్టి వచ్చినవాళ్ళతో మాట్లాడే పని కూడా నాదే. ఆ విషయంలో దేవుడు నాకేం లోటు చెయ్యలేదు లెండి.

మామూలు ఒంటివాళ్ళు అక్క దగ్గరికి పెద్దగా రారు. వాళ్ళకి బజారు నిండా రెడీమేడ్ బట్టలున్నాయి. ఒక కాలు పొట్టిగా ఉన్నాయన, ఆపరేషన్లో ఒక రొమ్ము తీసేయించుకున్నావిడ, వీపు వంగిపోయినవాళ్ళు, అలాంటివాళ్ళొస్తారు. తల దించుకుని మెట్లెక్కుతారు. అక్క తలుపేసి, తెర లాగి, ఒక్కొక్కళ్ళకి ఆరేడు సార్లు తొడిగి చూస్తుంది. చివరికి కోటేసుకుని మెట్లు దిగుతుంటే తేడా కనిపెట్టడం ఎవరి తరమూ కాదు. "ఒళ్ళు ఎప్పుడూ తప్పు కాదే, గుడ్డే తప్పు," అంటుంది అక్క, నోట్లో సూదులు తీసి మరీ.

నా సంగతికొస్తే, బళ్ళోకి వేసుకెళ్ళిన గౌను దగ్గర్నుంచీ ఒంటి మీద ఉన్నవన్నీ అక్క కుట్టినవే. రెడీమేడ్ బట్ట ఎలా ఉంటుందో ఎరగను. నాకున్న బెంగల్లా సంచి. తాడు ఎడమ భుజం మీద నిమిషం నిలవదు, జారిపోతుంది. మూడు సంచులు మార్చా. ఈ రోజుల్లో సంచులు కుట్టేవాళ్ళకి శ్రద్ధ లేదక్కా అంటే, "అవునే" అని ఊరుకునేది.

అప్పట్లో అందరి పేపర్ కటింగులూ, అంటే ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకి కత్తిరించుకున్న కాగితం నమూనాలు, పేర్లు రాసి గోడ మేకులకి తగిలించి ఉండేవి. ఒకరోజు కుర్చీలో కూర్చున్న ఒకావిడ ఒక కాగితం కేసి చూసి, "అయ్యో, ఈవిడకి ఇలా ఉందా! బయట చూస్తే తెలీనే తెలీదే!" అంది. అక్క మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ సాయంత్రమే కాగితాలన్నీ దింపేసింది. నలభై తొమ్మిదేళ్ళ వయసులో పాత కంప్యూటరొకటి కొని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, కటింగులన్నీ అందులో గీయడం నేర్చుకుంది. పూర్తయ్యాక కాగితాలని పిడికెడంత కూడా మిగల్చకుండా ముక్కలు చేసి పారేసింది.

ఇక అక్కడ మొదలైంది పాస్‌వర్డుల గోల. కటింగులకొకటి, ఈమెయిలుకొకటి, గుడ్డ తెప్పించుకునే కంపెనీకొకటి, బ్యాంకుకొకటి, కరెంటు బిల్లుకొకటి. పెద్దక్షరం కావాలంటుంది, అంకె కావాలంటుంది, పైన ఒక చుక్కో నక్షత్రమో కావాలంటుంది. పెళ్ళివారు కూడా అన్ని కోరికలు కోరరు. అక్క ఒక్కొక్కటీ చీటీ మీద రాసి, ఆ చీటీల్ని గుండుసూదులతో తెరకి గుచ్చేది. తెర వెనక బట్టలు మార్చుకుంటూ ఒకాయన బ్యాంకు పాస్‌వర్డు పైకి చదివి, "ఇదేంటమ్మా, మంత్రమా?" అనడిగాడు.

అలా అడిగినాయన కంప్యూటర్లు నేర్పే మాస్టారే. పొట్టి కాలు ఆయనదే. ఆయనే అక్క కంప్యూటర్లో ఒక పెట్టెలాంటిది పెట్టించాడు. పాస్‌వర్డులన్నీ ఆ పెట్టెలో ఉంటాయి, ఆ పెట్టెకి ఒకటే పెద్ద తాళం. ఆ ఒక్కటీ పొడుగ్గా ఉండాలి, పుట్టినరోజులూ పేర్లూ వద్దు, ఎక్కడా రాయకండి అన్నాడు.

"రాసుకోకపోతే ఎలా మాస్టారూ? కొలత ఎప్పుడూ బుర్రలో పెట్టుకోకూడదు. పుస్తకంలో పెట్టుకోవాలి," అంది అక్క.

వాదించి వాదించి ఆయనే దిగొచ్చాడు. సరే, దొంగ చూసినా పాస్‌వర్డు అనుకోని చోట రాసుకోమన్నాడు. అక్క ఏం చేసిందో నాకు ఎనిమిదేళ్ళు తెలీలేదు. సోమవారం పొద్దున్నే కొలతల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చునేది. పని చూసుకుంటోందనుకునేదాన్ని.

ఆ కొలతల పుస్తకం అట్ట ఊడిపోయింది, పేజీలు రాలిపోతున్నాయి. చూసి చూసి నాకే చిరాకొచ్చి, వారం కూర్చుని కొత్త పుస్తకంలోకి ముత్యాల్లా ఎక్కించా. పాతది పాత కాగితాలాయనకి వేసేశా. అక్క చూసి మెచ్చుకుంటుందని ఎంత ఆశపడ్డానో!

సోమవారం అక్క టకటకా కొట్టింది. తెరుచుకోలేదు. మళ్ళీ కొట్టింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ కొట్టింది. తర్వాత పుస్తకం కేసి చూసింది.

"ఇది నీ రాత కదే?"

"ఎంత నీటుగా ఉందో చూశావా!"

"ఉన్నది ఉన్నట్టు రాశావా?"

"ఆ గడుగ్గాయి అనే కస్టమర్‌వి తప్ప. ఎవరక్కా ఆవిడ? ఎప్పుడూ రాలేదే? ఎడమ భుజానికీ కుడి భుజానికీ పొంతన లేదు, చేతులూ మణికట్లూ అంతే. కొద్దికొద్దిగా తేడా. మిగతావాళ్ళ తేడాలు నాకు తెలుసు కాబట్టి ముట్టుకోలేదు, ఇది మాత్రం తొందర్లో తప్పు రాశావనుకుని కుడివే ఎడమకీ వేసేశా."

ఎక్కడ సూదులు మింగేస్తుందోనని భయమేసింది నాకు. మింగలేదు. ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకి గుచ్చి, అప్పుడు చెప్పింది. ఆ గడుగ్గాయి పేజీయే పెద్ద తాళం. భుజాలు, చేతులు, వీపు పొడవు, మణికట్లు, వరసగా కొడితే పెట్టె తెరుచుకుంటుంది. అలాంటి కస్టమరెవరూ లేరు, ఊరికే కల్పించానంది.

ఎడమవి మూడు అంకెలు దిద్దాను, అసలవేమిటో ఒక్కటీ గుర్తులేదు. పరుగున పాత కాగితాలాయన దగ్గరికెళితే, అవి శుక్రవారమే మిల్లుకి వెళ్ళిపోయాయన్నాడు. మాస్టారొచ్చి కంప్యూటర్ ముందు గంట కూర్చుని, లేచి నిలబడి, "ఇందులో దొడ్డిదారి లేదమ్మా. మనకుంటే దొంగకీ ఉంటుంది," అన్నాడు. ఆయన ప్యాంటు కటింగు కూడా అందులోనే ఉంది పాపం.

ఇక నేను వదల్లేదు. తోచిన అంకెలన్నీ కాగితం మీద రాసుకుని కొడుతూ కూర్చున్నా. నాలుగుంపావు, నాలుగున్నర, నాలుగు ముప్పావు, ఇటు మారిస్తే అటు, అటు మారిస్తే ఇటు. మంగళవారం సాయంత్రానికి రెండొందలు దాటాయి, వేళ్ళు పీకేస్తున్నాయి. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. కిటికీ దగ్గర నిలబడి నా కేసి చూడ్డం, నేను చూస్తే మొహం తిప్పుకోవడం.

"నూట నలభై మూడు మంది," అంది చివరికి. "కొలతలు పుస్తకంలో ఉన్నా, తొడిగి తొడిగి సరిచేసిన కటింగులన్నీ ఆ తాళం వెనకే ఉన్నాయి." "ఒక్కొక్కళ్ళు ఎంత సిగ్గుపడి నా ముందు నిలబడ్డారో నాకు తెలుసు. మళ్ళీ రండి, మళ్ళీ విప్పండి, మళ్ళీ ఆరుసార్లు నిలబడండి అని ఏ మొహం పెట్టుకుని అడగనే?"

ఆ మాటకి నేను ఏడ్చేశా.

బుధవారం పొద్దున నేను వచ్చేసరికి అక్క టేపు మెడలో వేసుకుని రెడీగా ఉంది. "నిలబడు. నీకో చొక్కా కుడతా."

"కొంప మునిగి మనమేడుస్తుంటే ఇప్పుడు చొక్కా ఏంటక్కా? మతి పోయిందా?"

"నిలబడమన్నానా!"

నిలబడ్డా. నా కొలతలు మాత్రం అక్క ఎప్పుడూ తనే కొలిచి తనే ఎక్కడో రాసుకుంటుంది. కదిలితే వీపు మీద చిన్నగా ఒకటి వేస్తుంది, చిన్నప్పటిలాగే. ఆ రోజు ఒక్కొక్కటీ రెండేసిసార్లు కొలిచింది. నడుమూ ఛాతీ కొలవలేదు. చీటీ పట్టుకుని తిన్నగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. టకటకా చప్పుడయింది, ఆగింది. తర్వాత అక్క "అమ్మయ్య" అని తల బల్ల మీద పెట్టేసింది.

పెట్టె తెరుచుకుంది! నేను ఎగిరి గంతేసి, అక్కని వెనకనుంచి వాటేసుకుని, "ఎలా గుర్తొచ్చిందక్కా, ఎలా!" అంటూ చీటీ కేసి చూశా. భుజం ఎడమ నాలుగు ముప్పావు, కుడి అయిదుంపావు.

నా నోరు పడిపోయింది. నా జీవితంలో అలా జరగడం అదే మొదలనుకుంటా.

మూలనున్న దర్జీ బొమ్మకి వేసున్న కోటు ఒకటుంటే, ఏ తేడా లేని సాదా కోటు, అది తీసి వేసుకుని అద్దం ముందు నిలబడ్డా. ఎడమ పక్క భుజం కిందకి జారి, గుడ్డ సంచిలా వేలాడింది. కుడి పక్క చక్కగా కూర్చుంది. ముప్పై ఎనిమిదేళ్ళు నాకు నేను తెలీదు.

"గడుగ్గాయి ఎవరక్కా?" అన్నా, తెలిసి కూడా.

"నువ్వే. అయిదేళ్ళప్పుడు మొదటి గౌనుకి కొలుస్తుంటే ఒక్కచోట నిలబడితేగా. అప్పుడు చూశా. పెద్దయ్యాక ఎముక కొలతలు మారవు కదా, తాళానికి అవే పెట్టుకున్నా."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"కస్టమర్ల గుట్టు ఎవరికీ చెప్పనే."

"నాక్కూడానా?"

"బళ్ళో నిన్నెవరూ ఏమీ అనలేదు. పెళ్ళిచూపుల్లో ఎవరూ ఏమీ అనలేదు. ఇంక చెప్పడం దేనికి?" అక్క కళ్ళజోడు తీసింది. "సోమవారమే కొలిచుండొచ్చు. కానీ నువ్వు ఇట్టే పట్టేస్తావని, రెండు రోజులు చేతులు రాలేదు."

కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ అక్క మీద ఏదో ముంచుకొచ్చింది. దాన్ని ప్రేమనకుండా ఇంకేమనాలో నాకు తెలీదు. కింద ఎవరో సైకిలు బెల్లు కొట్టి చూసుకుంటున్నారు.

"ఇక తాళం మార్చాలి," అంది అక్క. "నీకు తెలిసిపోయిందిగా."

"మార్చకు. పుస్తకం మళ్ళీ పోయినా నేనుంటాగా," అన్నా. "అన్నట్టు, ఆ చొక్కా కుడతావా, ఎగ్గొడతావా?"

"కుడతాలేవే," అని సూదులు నోట్లో పెట్టుకుంది.

సంచి కుడి భుజానికి మార్చుకున్నా. ఆ తర్వాత కొత్త పుస్తకం తీసి, గడుగ్గాయి పేజీ చింపేసి, వేరే పేజీలో మళ్ళీ రాశా. చీటీలో ఎలా ఉందో అలాగే. ఎడమ ఎడమే, కుడి కుడే. ఈసారి ఏమీ దిద్దలేదు.